క్యాంపు ట్రైలర్‌కు బయటి డిక్కీ కోయించాలా, లోపలి తలుపుతో సరిపెట్టుకోవాలా?

పోయిన ఏడాది వానకాలంలో, బండి వెనక తగిలించుకుని లాగే చిన్న ఇల్లు లాంటి మా క్యాంపు ట్రైలర్‌తో శ్రీశైలం బయల్దేరి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు తీయరు. సరే, ఈ పూటకు ఇక్కడే అనుకుని ట్రైలర్ ఓ పక్కకు ఆపుకున్నాం. సన్నగా తుంపర మొదలైంది. చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు కావాలి, తార్పాలిన్ కావాలి, పొయ్యి కావాలి. మూడూ మంచం కిందే ఉన్నాయి. మంచం మీద మా అత్తమ్మ. మోకాళ్ల నొప్పులకు మాత్ర వేసుకుని అప్పుడే కన్ను మూసింది. ఆమెను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, పరుపు మడిచి, కింది పలక ఎత్తి దిమ్మలు తీశాం. మళ్లీ పడుకోబెట్టాం. పది నిమిషాలకు తార్పాలిన్ కోసం ఇంకోసారి. మూడోసారి లేపబోతే, "ఆ పొయ్యి బయటనే పెట్టుకోరాదు బిడ్డా" అన్నది.

మాది నల్లగొండ. నేనూ మా ఆయనా ఇద్దరం టీచర్లం, సెలవులు కలిసొస్తాయి. ట్రైలర్ పద్నాలుగు అడుగులది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, బొలెరోతో లాగుతాం. వెనక గోడకు ఆనుకుని అడ్డంగా మంచం ఉంటుంది. దాని కింద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పదహారు అంగుళాల ఎత్తున ఖాళీ. లెక్క వేస్తే 32 ఘనపుటడుగులు. ఇంత చిన్న బండిలో అది మామూలు జాగ కాదు. కానీ దాన్ని వాడుకోవాలంటే పడుకున్న మనిషిని లేపాలి.

బస్సుకు పక్కన లగేజీ పెట్టే డిక్కీ మనందరికీ తెలిసిందే. ట్రైలర్‌కూ అలాంటి చిన్న తలుపు పెట్టించుకోవచ్చు. మంచం కింది ఖాళీకి ఎదురుగా బయటి గోడ కోసి, చుట్టూ రబ్బరు బీడింగ్ ఉన్న తలుపు బిగిస్తారు. అమెరికా, యూరప్ ట్రైలర్లలో చాలావాటికి ఇది కంపెనీ నుంచే వస్తుంది. మన దగ్గర బాడీ కట్టే షెడ్డులో చెప్పి చేయించుకోవాలి. మన్ననూరు నుంచి వచ్చాక మేము దీని గురించి నాలుగైదు నెలలు ఆలోచించాం. గోడ ఒకసారి కోశాక మళ్లీ మొదటిలా అవ్వదు కాబట్టి అంత ఆలోచన తప్పలేదు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మంచం కింద మీరు పెట్టేవి తడి, మట్టి, నూనె అంటుకునే సామాన్లు అయి, వాటిని వాడేది బయట నిలబడే అయితే డిక్కీ కోయించండి. పెట్టేవి దుప్పట్లు, బట్టలు, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు అయితే బయటి గోడ జోలికి పోవద్దు. వాటికి లోపలి వైపు మంచం చెక్కకు ఒక తలుపు పెట్టిస్తే చాలు. ట్రైలర్ ఉన్న చాలా కుటుంబాలకు ఈ రెండోదే సరిపోతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముందు గీతలు గీయండి

మీది ఏ రకమో ఊహించుకోవద్దు. మేము ట్రైలర్ తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి, మధ్యలో గీత గీశాం. మంచం కింది నుంచి బయట వాడేది ఏదైనా తీస్తే ఎడమ వైపు ఒక గీత, లోపల వాడేది తీస్తే కుడి వైపు ఒక గీత. నాగార్జునసాగర్, అలంపురం, సోమశిల, మూడు ట్రిప్పులు అలా చూశాం. ఎడమ వైపు పంతొమ్మిది గీతలు, కుడి వైపు నాలుగు వచ్చాయి. ఆ పంతొమ్మిదిలో ఐదు జాకీవి, వీల్ స్పానర్‌వి. అవి అసలు ట్రైలర్‌లో ఉండాల్సిన పనే లేదు, బొలెరో వెనక పెట్టేశాం. మిగిలిన పద్నాలుగులో ఎక్కువ తార్పాలిన్, చెక్క దిమ్మలు, పొయ్యి, నీళ్ల పైపు, మడత కుర్చీలు.

మీ కాగితం మీద కుడి వైపే ఎక్కువ గీతలుంటే డిక్కీ మాట పక్కన పెట్టేయొచ్చు. రెండు వైపులా సమానంగా ఉంటే సామాన్లు సర్దే తీరు మారిస్తే సగం ఇబ్బంది పోతుంది. ఎడమ వైపే ఎక్కువున్నా కూడా, మీ మంచం మీద పగటిపూట ఎవరూ పడుకోకపోతే కోయకుండానే పని జరిగే దారులున్నాయి.

కోయకుండా ఉన్న దారులు

ఇళ్లలో ఇప్పుడు హైడ్రాలిక్ మంచాలు బాగా వస్తున్నాయి కదా. పలకకు రెండు వైపులా గ్యాస్ షాకులు బిగిస్తే పరుపుతో సహా పైకి లేచి అలాగే నిలబడుతుంది. ఒక చేత్తో ఎత్తి ఇంకో చేత్తో సామాను తీయొచ్చు. భార్యాభర్తలు ఇద్దరే తిరిగేవాళ్లకు ఇది చాలా హాయి. షాకుల బలం మీ పలక, పరుపు కలిపిన బరువుకు తగ్గట్టు ఉండాలి. బలం ఎక్కువైతే పరుపు తీసినప్పుడు పలక కిందికి దిగదు, తక్కువైతే నెత్తిన పడుతుంది. పలక సన్నని ప్లై అయితే షాకు బిగించిన చోట స్క్రూలు ఊడొస్తాయి, కింద ఒక చెక్క పట్టీ వేయించాలి. మా ఇంట్లో మాత్రం ఇది పనికిరాలేదు. మంచం మీద మనిషి ఉంటే షాకులేం చేస్తాయి?

రెండో దారి లోపలి తలుపు. మంచం ముందు భాగంలో నిలువుగా ఉండే చెక్కను కోసి తలుపు పెట్టించడం. వడ్రంగికి ఒక రోజు కూలి, రెండు కీళ్లు, ఒక గడియ, అంతే ఖర్చు. బయటి గోడకు చిన్న రంధ్రం కూడా పడదు, నీళ్ల భయం లేదు, ఆర్సీతో, ఇన్సూరెన్స్‌తో పని లేదు. నచ్చకపోతే అదే చెక్క మళ్లీ బిగించుకోవచ్చు. మేము మొదట చేయించింది ఇదే. అత్తమ్మను లేపే బాధ ఆ రోజుతోనే పోయింది. నిజం చెప్పాలంటే, గీతల లెక్క వేరేగా ఉండి ఉంటే మేము అక్కడే ఆగేవాళ్లం.

అయితే ఒక సీజన్ వాడాక రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. నాలుగడుగుల లోతు ఉన్న చోట వెనక మూలన ఉన్న వస్తువు అందుకోవాలంటే నేల మీద పడుకుని చెయ్యి చాపాలి. దీనికి సొరుగు పెట్టించుకోవచ్చు. బరువు మోసే చానెళ్లు వేయించి, మలుపుల్లో తెరుచుకోకుండా గట్టి గడియ పెట్టాలి. రెండో ఇబ్బందికి మాత్రం సొరుగు పనికిరాదు. వానలో తడిసిన తార్పాలిన్, బురద అంటిన దిమ్మలు ఇంట్లోంచే లోపలికి పోవాలి. వంట చేసుకునే చోటు పక్క నుంచి, అందరూ కాళ్లు పెట్టే నేల మీద నుంచి. పాలమూరు వైపు ఎర్ర చెలకల్లో ఒక రాత్రి ఆగి చూడండి, తెల్లారేసరికి దుప్పటి అంచుల దాకా ఆ ఎరుపు పాకుతుంది.

మూడోది, ట్రైలర్‌ను బండికి తగిలించే ముందు కొక్కెం దగ్గర ఉండే త్రికోణం ఫ్రేం మీద ఇనుప పెట్టె. దిమ్మలు, తాళ్లు, తార్పాలిన్ లాంటివాటికి మంచి చోటు, గోడ కోసే పని లేదు. కొలిచేటప్పుడు బండి వెనక తలుపు పూర్తిగా తెరిచి చూసుకోండి. బొలెరో వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, పైగా దాని మీద స్టెప్నీ ఉంటుంది. పెట్టె కొంచెం ముందుకు వస్తే తలుపు దానికి తగులుతుంది. మలుపులో ట్రైలర్ తిరిగినప్పుడు బంపర్ మూలకు ఎంత సందు మిగులుతుందో కూడా చూడాలి. మా దాంట్లో ఆ సందు సరిపోలేదు, లేకపోతే నేను దీనికే మొగ్గేదాన్ని.

పైకప్పు మీద క్యారియర్ మాత్రం వద్దు. కప్పుకు రంధ్రాలు పడతాయి, బరువు పైకి పోయి గాలికి బండి ఊగుతుంది, నిచ్చెన లేకుండా ఏదీ అందదు.

మీ గోడ ఏ రకం

కోయించాలనే నిర్ణయానికి వస్తే, సులువో కష్టమో చెప్పేది గోడే.

మన షెడ్డుల్లో కట్టిన ట్రైలర్ అయితే చాలావరకు ఇనుప చదరపు గొట్టాల చట్రం, బయట షీటు, లోపల ప్లై ఉంటాయి. మధ్యలో వేడి ఆపడానికి థర్మాకోల్ గాని ఫోమ్ గాని పెడతారు. దీన్ని కోయడం తేలిక. అయస్కాంతంతో తడిమితే గొట్టాలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది, రెండు గొట్టాల మధ్య కోయొచ్చు. తలుపు అంచుల్లో ఆధారానికి కొత్త గొట్టం వేయాలంటేనే జాగ్రత్త. మేస్త్రీలకు వెల్డింగ్ అలవాటు కాబట్టి వెంటనే హోల్డర్ పట్టుకుంటారు. గోడలో థర్మాకోల్ ఉండగా వెల్డింగ్ పెడితే అది కరిగి లోపల గుంట పడుతుంది, అంటుకుంటే గోడ లోపలే మంట పాకుతుంది, బయటికి కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. చుట్టూ అడుగు మేర ఫోమ్ తీయించి, తడి గోనెసంచి, నీళ్ల బకెట్ దగ్గర పెట్టుకుని చేయించాలి. అంతకంటే మేలు, వెల్డింగ్ లేకుండా అల్యూమినియం చానెల్‌ను రివిట్లతో బిగించడం. మా ట్రైలర్‌కు అలాగే చేశాం.

కంపెనీ ట్రైలర్లలో కొన్నిటికి శాండ్‌విచ్ గోడ ఉంటుంది. బయట ఫైబర్ గాని అల్యూమినియం గాని షీటు, మధ్యలో గట్టి ఫోమ్, లోపల పల్చటి ప్లై, మూడూ జిగురుతో ఒక్క పలకలా అంటుకుని ఉంటాయి. ఇందులో గోడ బలమంతా ఆ అతుకులోనే ఉంది. కోసిన అంచులో ఫోమ్ తెరుచుకుని కనిపిస్తుంది. దాన్ని అంగుళం లోతు చెక్కి తీసేసి, చుట్టూ చెక్క పట్టీ కూర్చి పీయూ (పాలీయురేథేన్) జిగురుతో అతికించాకే తలుపు ఫ్రేం బిగించాలి. ఇది చేయకుండా నేరుగా ఫోమ్‌లోకి స్క్రూ దింపితే ఆ స్క్రూకు పట్టు ఉండదు. నీళ్లు దిగితే పొరలు విడిపోయి గోడ ఉబ్బుతుంది. అలా విడిపోయిన గోడను మళ్లీ అతికించడం చాలా ఖర్చు.

గీతలు గీతలుగా ముడతలున్న అల్యూమినియం షీటు, లోపల చెక్క చట్రం ఉంటే కోత సులువే. తలుపు అంచు ఆ ముడతల మీద సమంగా కూర్చోదు, ప్రతి పల్లంలోనూ ఒక సందు ఉంటుంది. అక్కడ మెత్తని టేపు రెండు మూడు పొరలు వేసి నింపాలి. ఒకే అచ్చులో పోసిన ఫైబర్ గుడ్డు ఆకారపు ట్రైలర్ అయితే నా సలహా వద్దనే. వంపు మీద చదునైన తలుపు ఎప్పటికీ సరిగా కూర్చోదు.

గోడ ఏదైనా సరే, కోసే ముందు మంచం కింద ఏమేం పోతున్నాయో చూడాలి. చక్రం మడ్‌గార్డు ఉబ్బు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, వైర్లు, పైపులు. లోపలి నుంచి సన్నని డ్రిల్లుతో నాలుగు మూలలా రంధ్రాలు వేసి బయటికి వస్తే, కోత ఎక్కడ పడుతుందో కచ్చితంగా తెలుస్తుంది. బయటి నుంచి కొలుచుకుని కోసి మెయిన్ వైరు తెంపుకోవడం ఎవరికైనా జరగొచ్చు.

ఎటు వైపు, ఎంత, ఎలా తెరుచుకోవాలి

యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి అచ్చం అలాగే చేయించుకోవద్దు. వాళ్లు రోడ్డుకు కుడి వైపు నడుపుతారు, వాళ్ల ట్రైలర్ల తలుపు కుడి వైపు ఉంటుంది. మనం ఎడమ వైపు నడుపుతాం. 65వ నంబరు హైవే మీద నార్కట్‌పల్లి దగ్గరో, 44 మీద జడ్చర్ల దగ్గరో బండి ఆపి డిక్కీ తీయాల్సి వస్తే, లారీలు పోయే వైపు వంగి నిలబడకూడదు. డిక్కీ ఎడమ వైపే ఉండాలి.

ఎంత పెద్దది కావాలో తేల్చడానికి ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె ఒకటి సంపాదించండి. అనుకున్న కొలతకు దానికి కన్నం కోసి, మీ సామాన్లన్నీ అందులోంచి దూర్చి చూడండి. మేము 24 అంగుళాలు, 12 అంగుళాలు అనుకున్నాం. మడత కుర్చీలు ఏటవాలుగా పెడితే గాని పోలేదు, రెండు బర్నర్ల పొయ్యి అసలే పోలేదు. 30, 14కు పెంచాం. అలాగని గోడంతా తలుపు చేయొద్దు. ట్రైలర్ లోపలి నేల మట్టం నుంచి కనీసం రెండంగుళాలు వదిలి పైన కోయించాలి. ఆ గడప ఉంటేనే సామాన్లు జారి తలుపు మీద పడవు, చక్రం చిమ్మిన నీళ్లు నేరుగా లోపలికి రావు. కోత మూలలు గుండ్రంగా ఉండాలి. నలుచదరంగా కోస్తే కుదుపులకు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

కీళ్లు పైన పెట్టిస్తే తలుపు పైకి లేస్తుంది, వానలో తలకు గొడుగులా ఉంటుంది, దారిలో గడియ ఊడినా తన బరువుకు తనే మూసుకుని ఉంటుంది. నేను దీన్నే ఎంచుకున్నాను. పక్కకు తెరుచుకునేది కావాలంటే కీళ్లు బండి ముందు వైపే ఉండాలి, అప్పుడు ఎదురుగాలి తలుపును మూస్తుంది. వెనక వైపు కీళ్లు పెడితే గడియ వదలగానే గాలి పట్టి పీకేస్తుంది. కీళ్లు కింద పెట్టించొద్దు.

బరువు

తలుపు బరువు నాలుగైదు కిలోలే, దాని గురించి చింత లేదు. తలుపు వచ్చాక అందులో మనం నింపే బరువే అసలు సంగతి. చేతికి అందే జాగ దొరికితే ఖాళీగా ఉంచబుద్ధి కాదు.

ఎడ్లబండి మీద బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుందని మా నాన్న చెప్పేవాడు. ట్రైలర్‌దీ అదే లెక్క. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద ఉండాలని ట్రైలర్ల వాళ్లు సాధారణంగా చెప్తారు. మాది సామాన్లతో 1,100 కిలోలు, అంటే కొక్కెం మీద 110 నుంచి 165 కిలోలు ఉండాలి. మాకు 130 ఉండేది. మా మంచం చక్రాలకు ఆరడుగుల వెనక ఉంది, కొక్కెం పదకొండు అడుగుల ముందు. వెనక డిక్కీలో 60 కిలోలు కొత్తగా నింపితే ముందు దాదాపు 33 కిలోలు తగ్గుతుంది. 130 కాస్తా 97కు పడిపోతుంది. మొత్తం బరువు కూడా పెరిగింది కాబట్టి నూటికి 8 వంతులు మాత్రమే అవుతుంది. ఆ స్థితిలో డౌన్‌లో వేగం అందుకుంటే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. బండి నడిపేవాళ్లకు అంతకు మించిన భయం లేదు.

తూచడం కష్టం కాదు. మా వైపు ఏ రైస్ మిల్లు దగ్గరైనా కాంటా ఉంటుంది, మొత్తం బరువు అక్కడ తూచొచ్చు. కొక్కెం బరువుకు వడ్ల బస్తాలు తూచే చిన్న కాటా చాలు. ట్రైలర్‌ను సమమట్టంగా నిలబెట్టి, చక్రాలకు అడ్డు పెట్టి, కొక్కేన్ని కాటా మీద ఆనించాలి. మిర్యాలగూడలో ఒక మిల్లులో అడిగితే పది నిమిషాల్లో చూసుకోనిచ్చారు. డిక్కీ పెట్టించక ముందు ఒకసారి, నింపాక ఒకసారి తూచండి. మేము తూచి చూశాకే నీళ్ల క్యాన్లను ముందు వైపుకు మార్చాం. మంచం ట్రైలర్ ముందు భాగంలో ఉన్నవాళ్లకు లెక్క తిరగబడుతుంది, కొక్కెం మీద బరువు పెరుగుతుంది. వాళ్లు పై హద్దు చూసుకోవాలి.

నీళ్లు

మా తమ్ముడి స్నేహితుడు మాకంటే రెండేళ్ల ముందు తన ట్రైలర్‌కు డిక్కీ కోయించాడు. షెడ్డు పేరు చెప్పను. బయటికి చూస్తే చక్కగా ఉంది. మేము కోయించే ముందు చూద్దామని వెళ్లాం. డిక్కీ తెరవగానే ముక్కవాసన. కింది మూలలో ప్లై నల్లబడింది. అతను చూపుడువేలు పెట్టి నొక్కితే వేలు మొదటి కణుపు దాకా దిగిపోయింది, పచ్చి వక్కను చిదిపినట్టు నారలు నారలుగా వచ్చింది. నీళ్లు దిగింది మాత్రం అక్కడ కాదు. పై అంచులో ఫ్రేంకు, షీటుకు మధ్య సిలికాన్ ఒక చోట వెంట్రుకంత లేచింది. వాన నీరు అక్కడ దిగి, గోడ లోపల్నుంచి కిందికి జారి, మూలన చేరింది. రెండు వానకాలాల్లో అంత పని జరిగింది.

తర్వాత మా మేస్త్రి ఒక మాట అన్నాడు. "కోసుడు అర్ధగంట పని అక్కా. నీళ్లు రాకుంట చేసుడే రెండు రోజుల పని." కూలి మాట్లాడుకునేటప్పుడు ఆ రెండు రోజులకూ కలిపి మాట్లాడుకోండి. తొందరపెడితే కోత మాత్రమే బాగా వస్తుంది.

ఫ్రేం వెనక వేయాల్సింది బ్యుటైల్ టేపు. నల్లగా, బంకలా ఉంటుంది, ఏళ్ల తరబడి గట్టిపడదు, బండి కదిలినప్పుడల్లా దానితో పాటు సాగుతుంది. స్క్రూలు బిగిస్తుంటే అంచుల్లోంచి ఉబికి రావాలి, అప్పుడే నిండినట్టు. ఒకేసారి బిగించేయకుండా, ఒక రోజు ఎండకు వదిలి మర్నాడు మళ్లీ ఒక చుట్టు బిగించి, ఉబికిన బంకను ప్లాస్టిక్ ముక్కతో కోసేయాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనుపవి వేస్తే తొందరగా తుప్పు పడతాయి.

సిలికాన్ ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. దాని మీద పెయింటు పట్టదు, పాతదాని మీద కొత్తది అతుక్కోదు, రిపేరుకు మొత్తం గీకాల్సిందే. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్ని కూడా తింటుంది. బయట చుట్టూ పూయడానికి పీయూ సీలెంట్ తీసుకోండి. పైనా, రెండు పక్కలా పూసి, కింది అంచు మాత్రం వదిలేయాలి. ఎప్పుడైనా చుక్క లోపలికి దూరితే బయటికి పోవడానికి దారి ఉండాలి కదా. తలుపుకు పైన అల్యూమినియం పట్టీతో చిన్న చూరు పెట్టిస్తే గోడ మీదుగా జారే నీరు పక్కలకు పోతుంది. ఇంటికి చూరు ఎందుకో దీనికీ అందుకే. లోపల వేసే చెక్క ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అయి ఉండాలి. మామూలు కమర్షియల్ ప్లై ఈ చోటుకు ఆగదు.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందే పరీక్ష చేయండి. డిక్కీ లోపల అంచుల వెంట పొడి ముగ్గు సన్నగా చల్లి తలుపు వేయండి. బయట పైపుతో నీళ్లు, ముందు కింది అంచు మీద, తర్వాత పక్కల, చివరికి పైన, ఒక్కో చోట ఐదు నిమిషాలు పట్టండి. కింది నుంచి మొదలుపెడితేనే ఏ అంచు కారుతోందో తేలుతుంది. తలుపు తీస్తే తడిసిన చోట ముగ్గు రంగు మారి కనిపిస్తుంది. మాకు మొదటిసారి ఎడమ పై మూలలో రూపాయి బిళ్లంత తడి కనబడింది. మేస్త్రి మారు మాట లేకుండా ఫ్రేం ఊడదీసి టేపు మళ్లీ వేశాడు. దుమ్ముకు ఇంకో పరీక్ష ఉంది. రబ్బరు మీద కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాలి. పట్టు లేకుండా జారి వచ్చేస్తే అక్కడ దుమ్ము దూరుతుంది.

మన ఎండలకు రబ్బరు ఎక్కువ కాలం ఆగదు. మే నెలలో నల్లగొండలో 45 డిగ్రీలు మాకు కొత్త కాదు. ఏటా మిరుగు (మృగశిర కార్తె) రాకముందే బీడింగ్‌ను వేలితో నొక్కి చూడండి. మెత్తగా అణిగి తిరిగి లేవాలి. గట్టిపడినా, పగుళ్లు కనిపించినా మార్చేయాలి. ఇంతటి పని ఏటా చేసే ఓపిక లేదనుకుంటే కోయించొద్దు, లోపలి తలుపుతోనే ఉండండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. గోడకు సమంగా కూర్చునే తలుపుతో పొడవు, వెడల్పు మారవు, బయటికి పొడుచుకొచ్చే పెట్టెతో మారొచ్చు. ఏదైనా సరే కోయించక ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి జవాబు తీసుకోండి. ట్రైలర్ ఇంకా వారంటీలో ఉంటే, అది అయ్యేదాకా ఆగడమే మంచిది.

అందులో పెట్టకూడనివి

గ్యాస్ సిలిండర్ మంచం కింది డిక్కీలో పెట్టకూడదు, 5 కిలోలదైనా సరే. వంటగ్యాస్ గాలి కంటే బరువు. లీకైతే పైకి పోకుండా నేల మట్టంలోనే పేరుకుంటుంది, మంచం కింద సందుల్లోంచి పడుకున్న గదిలోకి వస్తుంది. సిలిండర్‌కు విడిగా, లోపలికి ఏ సందూ లేని పెట్టె, దాని అడుగున బయటికి గాలి పోయే రంధ్రాలు ఉండాలి. పెట్రోలు డబ్బా, జనరేటర్ కూడా అంతే. పల్చటి లోహపు తలుపు వెనక ఎండాకాలం లోపల పొయ్యిలా వేడెక్కుతుంది కాబట్టి స్ప్రే డబ్బాలు, లైటర్లు, మందులు అక్కడ వద్దు.

డిక్కీకీ లోపలి గదికీ మధ్య చెక్క అడ్డు వేయించడం మరచిపోవద్దు. మేము మంచం కింది జాగను రెండుగా విడగొట్టాం. ఎడమ వైపు రెండున్నర అడుగులు డిక్కీకి, కింద అల్యూమినియం ట్రేతో. తడి తార్పాలిన్ అలాగే పడేసినా నీళ్లు ట్రేలోనే ఉంటాయి. మిగతా మూడున్నర అడుగులు పాత లోపలి తలుపుకే వదిలేశాం, దుప్పట్లు అక్కడ పొడిగా ఉంటున్నాయి.

తాళం సంగతి చాలామంది పట్టించుకోరు. రెడీమేడ్ తలుపు బయటి దేశం నుంచి తెప్పించుకుంటే తాళంచెవి మీద నంబరు చూడండి. అమెరికాలో ఏళ్ల తరబడి లెక్కలేనన్ని ట్రైలర్ల డిక్కీలకు సీహెచ్ 751 అనే ఒకే నంబరు తాళం వేశారు. ఆ చెవి ఎవరి దగ్గరున్నా మీ డిక్కీ తెరుచుకుంటుంది. 2028లో కృష్ణా పుష్కరాలకు బీచుపల్లి, వాడపల్లి ఘాట్ల దగ్గర బండ్లు బారులు తీరినప్పుడు ట్రైలర్ వదిలి స్నానానికి పోవాలి కదా. మేము తలుపు బిగించిన రోజే తాళం మార్పించాం, ఒక చెవి బొలెరో తాళాల గుత్తిలో, ఇంకోటి అత్తమ్మ దగ్గర ఉంటుంది.

ఈ వానకాలం మళ్లీ మన్ననూరులో ఆగాం. దిమ్మలు, తార్పాలిన్, పొయ్యి బయటి నుంచే తీసుకున్నాం. టీ పెట్టి లోపలికి తీసుకెళ్లేసరికి అత్తమ్మ ఇంకా నిద్రలోనే ఉంది.